కోడలి మోచేతి ఎత్తు

సింధూజ ఆ ఇంటికి వచ్చి ఏడాది తిరిగినా ఉప్పుడబ్బా ఇంకా పుష్పలత పెట్టిన చోటే ఉంది. పుష్పలత అంటే సింధూజ భర్త రామ్‌దాస్ మొదటి భార్య. జబ్బు చేసి పోయింది. పొట్టి మనిషి కాబట్టి బోధన్‌లోని ఆ ఇంటి వంటగదిలో పొయ్యిగద్దెను తన ఎత్తుకే కట్టించుకుంది. సింధూజేమో చెరుకు గడంత పొడుగు! జొన్నరొట్టెలు కొట్టి లేచేసరికి నడుం పట్టేసేది. అయినా నోరు మెదిపితే ఒట్టు. చెరుకు ట్రాక్టర్ మీద తిరిగే రామ్‌దాస్‌కు రొట్టె వేడిగా ఉంటే చాలు, ఆయనకేం తెలుస్తుంది?

సింధూజకూ ఇది రెండో పెళ్లే. నందిపేట్‌లో మొదటి అత్తింట్లో ముచ్చటపడి వంటింటి డబ్బాలన్నీ కొత్తగా సర్దింది. "గిది మీ అవ్వగారిల్లనుకున్నవా?" అని పుట్టింటిని ఎత్తి దెప్పి ఆ అత్త మళ్లీ అన్నీ తీయించింది. ఆ పెళ్లి తెగిపోయింది గానీ ఆ మాట మాత్రం వెంటే వచ్చింది. అందుకే ఈ ఇంట్లో దేన్నీ కదపలేదు. బట్టలు కూడా సంచిలోనే పెట్టుకునేది. మర్యాద అనుకుంది, పిచ్చిది!

ఆ సంచిని చూసినప్పుడల్లా ఈ ఇంటి అత్త ముత్తవ్వకు గుండె గుబేలుమనేది.

పొలంలో పండిన పసుపు పట్టించి తెచ్చిన రోజు. కొత్త పసుపు ముందు గడపకు పెట్టాలి, అదీ ఇల్లాలే పెట్టాలి. ముత్తవ్వ గిన్నెలో కలిపి ఇస్తే సింధూజ చేతులు వెనక్కి తీసుకుంది.

"నువ్వే పెట్టు అత్తమ్మా."

ముత్తవ్వకు తిక్క రేగింది. "గిదేం లెక్కనే? సంచి ఇప్పవు, డబ్బా జరపవు, గడప ముట్టవు. పోదామనుకుంటున్నవా? ఒక కోడల్ని మట్టిల పెట్టి ఏడ్సిన. ఇంకోదాన్ని బస్సెక్కించి ఏడ్సుడు నాతోని గాదు!"

"నేను పోను అత్తమ్మా! ముట్టుకుంటే నువ్వే పొమ్మంటవని భయం," అని సింధూజ బావురుమంది. నందిపేట్ ముచ్చటంతా చెప్పేసింది.

ముత్తవ్వ కోడలిని చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గర నిలబెట్టింది. అలవాటుగా వంగిన ఆ నడుం చూసి నెత్తి కొట్టుకుంది. "ఓయమ్మో, ఏడాది సంది గిట్లనే వంగుతున్నవా? నీకు నోరు లేదు సరే, నా కండ్లకేమైంది!"

ముత్తవ్వ కబురు పెడితే తెల్లారే మేస్త్రీ హన్మండ్లు వచ్చి పొయ్యిగద్దె కొలవడానికి టేపు తీశాడు.

"టేపెందుకురా? పిల్ల మోచేతి కాడికి లేపు," అంది ముత్తవ్వ.

"అన్నా, పుష్పలతక్క పెట్టిచ్చిన బండ తియ్యకు. దాన్నే పైకి పెట్టు," అంది సింధూజ. ముత్తవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గచ్చు ఆరాక సింధూజ నిటారుగా నిలబడి మొదటి రొట్టె కొట్టింది. ఒక ఇల్లు తన కోసం, తన ఎత్తుకు తగ్గట్టుగా లేచి నిలబడిందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. మనసులోనే అత్తకు వెయ్యి దండాలు పెట్టుకుంది. సంచి ఖాళీ చేసి బట్టలు బీరువాలో సర్దింది.

మర్నాడు పొద్దున ముత్తవ్వ పాత చోట తడిమి తడిమి, "నా ఇంట్ల ఉప్పు నాకే దొరుకుతలేదు!" అని వాడకట్టంతా వినేలా మురిపెంగా అరిచింది.

"పొయ్యి పక్కకే పెట్టిన అత్తమ్మా," అని సింధూజ గడప దగ్గర నుంచి బదులిచ్చింది. ఆమె రెండు చేతులకూ పసుపు ఉంది.