శుభ్రం చేసిన కాగితాలు

సంచీలో అన్నిటికంటే ముందు కచేరీకి వేసుకునే నల్ల గౌను పెట్టింది. దాని మీద రెండు జతల మామూలు బట్టలు, ఆ మధ్యలో తువ్వాలు చుట్టిన ఫ్లూటు పెట్టె. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు క్లాసు లేదు కాబట్టి ఆవిడకి కోడలే క్లాసు.

"నాలుగు రోజుల ప్రయాణానికి ఇంత హడావిడా? దండయాత్రకి బయల్దేరినట్టు!"

"కచేరీ కదా అత్తయ్యా."

"మా అబ్బాయీ వెళ్తాడు కచేరీలకి. చేతిసంచీ పట్టుకుని పోయి వచ్చేస్తాడు, ఎవరికీ తెలియనే తెలియదు."

ఆ చేతిసంచీ సర్దేది ఎవరో ఆవిడ అనలేదు, ఈమె గుర్తు చెయ్యలేదు. అయిదున్నరకి రైలు. ఇంకా రెండు గంటలుంది. ఇవాళ ఎవరు ఏమన్నా సరే, నోరు మెదపకుండా గడప దాటాలని పొద్దున్నే అనుకుంది.

ఎందుకంటే ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక పెద్ద వాద్యబృందం ఆమె రాసిన సంగీతాన్ని వాయించబోతోంది. ఇరవై రెండు నిమిషాల రచన. పద్నాలుగు మంది తీగవాయిద్యాల వాళ్ళు, మధ్యలో ఫ్లూటుతో తను. పెళ్ళయిన కొత్తలో భర్త ఆమెని స్నేహితులకి "మా ఆవిడ, ఈల బాగా వేస్తుంది" అని పరిచయం చేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది. అప్పట్లో నవ్వడం కూడా ఇంటిపనుల్లో ఒకటనుకుంది. ఆయన సంగీత కళాశాలకి ప్రిన్సిపల్ అయ్యాడు, పేరున్న స్వరకర్త అయ్యాడు. ఆమె అదే కళాశాలలో మెట్ల కింద గదిలో పంతొమ్మిదేళ్ళుగా గంటల లెక్కన ఫ్లూటు నేర్పుతోంది. ఉద్యోగం ఖాయం చెయ్యమని అడిగితే, "సొంత పెళ్ళానికి ఇచ్చుకున్నాడంటారు, నా పరువేం కావాలి?" అన్నాడు. ఆయన పరువు కాపాడే పని కూడా అలా ఆమె మీదే పడింది. మధ్యలో దొరికిన సందుల్లో, బట్టలు ఆరేలోపు, అన్నం ఉడికేలోపు, ముప్పైకి పైగా రచనలు రాసుకుంది. "ఈ టకటకలేమిటే, తలనొప్పి" అని అత్తగారంటే, తాళం బల్ల మీద వెయ్యడం మానేసి మోకాలి మీద వేసుకుంది.

బల్ల మీదున్న అట్టపెట్టె తెరిచింది. అందులో ఒక్కో వాయిద్యానికీ విడిగా రాసిన పద్నాలుగు పార్టులున్నాయి. పై కాగితం తీసి చూసింది. దాని కిందది తీసింది. తర్వాత అన్నీ బల్ల మీద పరిచింది.

సిరాతో రాసిన స్వరాలు తప్ప కాగితాలు తెల్లగా మెరుస్తున్నాయి.

ఆరు వారాల పాటు విద్యార్థులతో వాయింపించి, వింటూ, మారుస్తూ, పెన్సిలుతో రాసుకున్న గుర్తులు ఒక్కటి కూడా లేవు. ఫ్లూటుతో తను ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఆ ఊపిరి అయ్యేదాకా వయొలిన్లు ఎక్కడ ఆగాలో, ఏదీ లేదు. చివరి భాగమైతే సగానికి సగం మార్చేసింది. ఆ మార్పంతా పెన్సిల్లోనే ఉంది. అక్కడి వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు ప్రత్యేకంగా ఉత్తరం కూడా రాశాడు, "మీ పెన్సిలు గుర్తులున్న కాగితాలే తెండి, వాటిని చూసే వాయిస్తాం" అని. ఆమెది తేలిక చెయ్యి. గుర్తులు చెరిపిన చోట కాగితం మీద గాడైనా మిగల్లేదు.

"ఎవరు చేశారిది?"

"ఏది? ఆ గీతలా?" అన్నారు అత్తగారు. "పొద్దున నువ్వు క్లాసుకెళ్ళాక మేమిద్దరం కూర్చుని తుడిచాం. నడుం పడిపోయింది. పసిపిల్లల పుస్తకంలా ఎక్కడ చూసినా గీతలే! ముప్పై ఏళ్ళు బోర్డు తుడిచిన చెయ్యి నాది, మరక ఉంచుతానా?"

ముందు గదిలోంచి భర్త వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా? బయటికెళ్ళే పార్టులు శుభ్రంగా ఉండాలి, మా లైబ్రరీలో అదే రూలు. నా కచేరీలయ్యాక నావి నువ్వు తుడిచేదానివి కదా. ఈసారి నీవి నేను తుడిచాను. పోనీ ఒక్క థాంక్స్ అయినా చెప్పవా?"

ఆయన వెటకారం చెయ్యడం లేదు. నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు.

"నేను మీవి తుడిచే ముందు, వాటన్నిటినీ, అన్ని వాయిద్యాలూ కలిపి రాసి ఉండే మీ మాస్టరు స్కోరులోకి ఎక్కించేదాన్ని. ఒక్కొక్క గుర్తూ. ఆ తర్వాతే తుడిచేదాన్ని."

"ఎప్పుడు?"

"ప్రతిసారీ. పద్దెనిమిదేళ్ళ నుంచీ."

"అలా చేస్తున్నట్టు నువ్వెప్పుడూ చెప్పలేదే! నావి ఎక్కడ వాయించినా సరిగ్గానే వస్తుంటే, నేను రాయడమే అంత కచ్చితంగా రాశాననుకున్నాను." వెంటనే తేరుకున్నాడు. "సరేలే. మరి నీవెందుకు ఎక్కించుకోలేదు? అంత ముఖ్యమైనవైతే?"

పోయిన వారమంతా ఎక్కించుకోవాలనే అనుకుంది. ఆ వారమంతా ఆయన కొత్త రచనకి పార్టులు రాస్తూ కూర్చుంది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. చెబితే నొచ్చుకుంటాడు, నొచ్చుకుంటే ఓదార్చాలి, ఓదారిస్తే రైలు పోతుంది.

"పోనీ వాయిదా వేయించనా? ఆ కండక్టరు నాకు తెలిసినవాడే. ఒక్క ఫోను చేస్తే చాలు."

"వద్దు."

"వద్దంటే ఎలా? రేపు పొద్దున రిహార్సలు. అక్కడ నలుగురిలో నవ్వులపాలైతే నా పేరు కూడా..."

"వద్దన్నాను కదండీ."

అలమర తెరిచింది. అడుగు అరలోంచి తన ముప్పై చిల్లర రచనల కట్ట తీసి సంచీలో పెట్టింది. చదువుకున్నప్పటి సర్టిఫికెట్లు పెట్టింది. ఉన్ని స్వెట్టరు మడత పెడుతుంటే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మతి పోయిందా అమ్మాయ్? మే నెలలో స్వెట్టరెందుకు?"

"చలికాలం వస్తుంది కదా అత్తయ్యా."

ఆవిడ చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకున్నారు. వినాల్సినవాడు మాత్రం వినలేదు. ఫోనులో ఏదో వెతుక్కుంటూ, "ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యి, నా పార్టులు సగంలో ఉన్నాయి" అన్నాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని మొదటి కాగితం ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని, ఫ్లూటు లేకుండానే వేళ్ళు కదిపింది. ఊపిరి ఎక్కడ అందకుండా పోయిందో అక్కడ కళ్ళు తెరిచి గుర్తు పెట్టింది. చివరి భాగంలో మార్పుల్ని కూడా గుర్తు తెచ్చుకుని రాసింది. ఈసారి పెన్నుతో. ఎదుటి సీటు పెద్దాయన "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని అడిగితే, "బాగానే ఉందండీ, పని చేసుకుంటున్నాను" అంది. ఆ మాట ఇంట్లో ఎన్నడూ అనలేదని అప్పుడు తోచింది. దిగాల్సిన ఊరు వచ్చేసరికి తొమ్మిది పార్టులయ్యాయి. మిగతా అయిదూ పొద్దున రిహార్సలు గదిలో, వాయించేవాళ్ళ పక్కనే కూర్చుని పూర్తి చేసింది. శనివారం కచేరీలో ఆమె ఊపిరి తీసుకున్న ప్రతిచోటా పద్నాలుగు మందీ ఆగారు.

ఆమె ఆ ఇంటికి తిరిగి రాలేదు. వెళ్ళింది మే పద్నాలుగు, బుధవారం.