చెయ్యి పడని రాయి

దోసెడు ఇసుక చల్లి, నీళ్లు చిలకరించి, చిన్న రాయిని పెద్ద రాయి మీద సున్నాలు చుడుతూ రుద్దుతున్నాడు అతను. కుడి చూపుడువేలు సగమే ఉంది. వయసులో ఉండగా ఇలాంటి రాయి కిందే నలిగింది. పెద్ద రాతి మీద ఉన్నది చిత్రకారిణి వేసిన బొమ్మ. బొమ్మంటే చెట్టూ పిట్టా కాదు, పెద్ద కుంచెతో భుజమంతా ఊపి ఒక్క విసురున లాగిన నల్లటి గీత. రాతి బొమ్మకు సిరా పూసి కాగితం మీద ముప్పై ప్రతులు అచ్చు తీశాక అది రాతి మీద ఉండకూడదు. ఇక ఇంకో ప్రతి తీయబోమని కొన్నవాళ్లకిచ్చే మాట అది. ఆ మాట నిలబెట్టడమే అతని పని. అందుకే అచ్చుశాలలో అందరికీ చెరుపుడు మావయ్య అయ్యాడు.

"చెరపకురా చెడేవు అంటారు. మీరేమో చెరుపుతూనే పిల్లల్ని పెంచారు" అని భార్య ఎగతాళి చేసేది. అతను నవ్వేసి ఊరుకునేవాడు. తన పేరు ఏ కాగితం మీదా ఉండదని అతనికెప్పుడూ బాధ లేదు. రాతి మీద జాడ మిగిలితేనే తలవంపు.

ఈ మధ్య ఆ తలవంపు రానే వచ్చింది. కొత్త బొమ్మ వెనక పాత గీత నీడలా తేలింది. అచ్చువేసేది సొంత బావమరిదే. కేకలెయ్యలేదు.

"బావా, నీకు చూపు ఆనట్లేదేమో. ఇంకోసారి ఇలా అయితే వేరే మనిషిని చూడాలి" అన్నాడంతే. అప్పట్నించి అతనికి తిన్నది ఒంటబట్టడం లేదు.

అందుకే ఈ రోజు రుద్దిందే రుద్దాడు. సాయంత్రానికి రాయి తోమిన పళ్లెంలా అయింది. చిత్రకారిణి వచ్చి చూసి, రోజంతా నన్ను తిట్టుకుంటూ చెరిపారు కదూ అంది.

"తిట్టుకోలేదమ్మా. ఈసారి కాస్త సన్నగా గియ్యండి, చాలు" అన్నాడు.

ఆమె వెళ్లాక చేతులు కడుక్కుని, రోజూలాగే పగుళ్లకు నూనె రాసుకున్నాడు. రాయి ఆరాక ఇంకోసారి వంగి చూసుకున్నాడు. అప్పుడే గుండెల్లో పట్టేసినట్టయింది. ఆసరా కోసం చాచిన చెయ్యి రాయి మూలన పడింది. జిడ్డు చేత్తో రాయి ముట్టుకోకూడదన్నది మొదటి రోజు నేర్చుకున్న పాఠం. ఆ జిడ్డును రాయి పీల్చేసుకుంటుంది. కంటికి కనపడదు గానీ, సిరా పూస్తే బొమ్మతో పాటు లేస్తుంది. మళ్లీ రుద్దాలనుకుని ఇసుక డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. ఊపిరి కుదుటపడనిద్దామని స్టూలు మీద కూర్చున్నాడు.

తలుపులు వెయ్యడానికొచ్చిన బావమరిది, కునుకు పట్టిందనుకుని అతని భుజం తట్టాడు. రెండోసారి తట్టలేదు.

కొన్నాళ్లకు చిత్రకారిణి ఆ రాతి మీదే కొత్త గీత గీసింది. సిరా పూసేసరికి మూలన ఒక అరచెయ్యి లేచింది. ఇది నేను వేసింది కాదే అంది ఆమె. బావమరిది వంగి ఆ సగం వేలు చూశాడు. అతనికి దుఃఖం ఆగలేదు.

"మా బావది. రుద్దేస్తానమ్మా. ఇలా జాడ మిగలడం ఆయనకి నచ్చదు."

"నచ్చదు, నిజమే" అందామె. "అయినా ఉండనివ్వండి."

ఆ చేతితో సహా ముప్పై ప్రతులూ అచ్చయ్యాయి. ఇచ్చిన మాట ప్రకారం ఇక రాయి చెరపాలి. బావమరిదే ఇసుక చల్లి రుద్దడం మొదలుపెట్టాడు. గీతంతా పోయింది. మూలకు వచ్చేసరికి అతనికి చెయ్యాడలేదు.

ఆ రాయి ఇప్పటికీ గోడవారనే ఉంది, మూలన నాలుగున్నర వేళ్లతో.