పొగ లెక్కకు హస్తవాసి

మా మేనకోడలు పనిచేసే పరిశోధనశాలలో పొగ లెక్క కుదరాలంటే హస్తవాసి ఉండాలని అందరూ నమ్మేవారు. అది ఉన్నది ఒక్క అక్కకే. అక్క అంటే ఎవరికీ తోబుట్టువు కాదు. అక్కడి సీనియర్ ఇంజనీరు. ఆమె కన్నా పెద్దవాడైన పెద్దసారు కూడా అక్కా అనే పిలిచేవాడు. వాహనాలు తిరిగే సొరంగంలో నిప్పంటుకుంటే పొగ ఎంతదూరం పాకుతుందో లెక్కకట్టే ప్రోగ్రామ్ ఒకటి వారి దగ్గర ఉంది. అక్క నడిపితే అది నిజంగా పొగ పెట్టి కొలిచిన దానికి సరిపోయే జవాబు ఇచ్చేది. మరొకరు నడిపితే ఆ పొగే సగం సొరంగాన్ని ఒక్క గుక్కలో మింగేసేది.

అక్కకు వేరే శాఖకు బదిలీ అయింది. ప్రోగ్రామ్ వాడే తీరును వివరిస్తూ పత్రం తయారుచేసే బాధ్యత మా మేనకోడలి మీద పడింది. ఆ పత్రం మాత్రమే చూసి పెద్దసారు సరైన జవాబు రాబట్టగలిగితే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది, లేకుంటే లేదు.

"ఏం రాయమంటావు మావయ్యా? 'ఇక్కడ అక్క చెయ్యి పెట్టవలెను' అని రాయనా?"

"రాయి. ఆ చెయ్యి కొలతలు కూడా వెయ్యి."

"నీకు వేళాకోళంగానే ఉంటుంది. ఉద్యోగం పోయేది నాది."

నా ఉద్యోగ జీవితమంతా భౌతికశాస్త్రం చెప్పడంలోనే గడిచింది. యంత్రానికి మనుషుల చేతుల మీద పక్షపాతం ఉంటుందంటే కూర్చోబుద్ధి కాలేదు. అనుమతి తీసుకుని వెంట వెళ్ళాను.

ప్రోగ్రామ్ పాతకాలపుది. తెరమీద ఒక్కో ప్రశ్న అడుగుతుంది, జవాబు కొట్టగానే ఆ ప్రశ్నను తుడిచేస్తుంది. సొరంగం పొడవు, గాలి వేగం, మంట వేడి, ఆ తరువాత గడి. సొరంగాన్ని పొడవునా గడులుగా కోసి, పొగను ఒక గడి నుంచి పక్క గడికి నడిపించడమే దాని విద్య. మేనకోడలి పత్రంలో గడి అనే ఆ పారామీటర్ ఎదురుగా "సంఖ్య; సాధారణంగా రెండు" అని ఉంది. అక్క చెప్పిందే రాసుకుంది.

ముందుగా అక్కను జవాబులు చెప్పమని, మేనకోడలిని కొట్టమన్నాను. పొగ సగం సొరంగాన్ని మింగింది. తరువాత తారుమారు చేశాను: అవే జవాబులను మేనకోడలు పైకి చదివింది, అక్క కొట్టింది. పొగ ఉండవలసిన చోటనే నిలిచింది.

"చూశారా బాబాయిగారూ?" అంది అక్క, కొంచెం సిగ్గుపడుతూ, కొంచెం మురిసిపోతూ. "నేనేమీ చెయ్యను. దానికే నేనంటే ఇష్టం."

"మావయ్యా, నువ్వొచ్చి పుకారుకు సాక్ష్యం కూడా ఇచ్చి పోతున్నావు," అని మేనకోడలు తల పట్టుకుంది.

నిజమే, పరీక్ష పుకారు పక్షానే మాట్లాడింది. కానీ అది మరొకటి కూడా చెప్పింది. అక్కకు తెలిసినదంతా నోటితో చెప్పినా ఏదో మిగిలిపోతున్నది. ఆ మిగిలినది వేళ్ళ దగ్గర ఉంది. తెరను చూస్తున్న మా కళ్ళు అంకెలను ఇంతకుముందే తెలిసినవాటిలా దాటేస్తున్నాయి. అందుకని కుర్చీని గోడవైపు తిప్పుకున్నాను.

"అలిగారా బాబాయిగారూ?"

"లేదమ్మా, వింటున్నాను. మళ్ళీ ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు కొట్టండి. ఏ ప్రశ్నో పైకి చెప్పండి."

గడి దగ్గర మేనకోడలి కీబోర్డు ఒకసారి టక్కుమంది, తరువాత ఎంటర్. అదే ప్రశ్నకు అక్క వేళ్ళు మూడుసార్లు చప్పుడు చేశాయి, ఆ తరువాతే ఎంటర్.

"రెండుకు మూడు మీటలెందుకమ్మా?"

అక్క తన వేళ్ళను తానే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. "రెండు, చుక్క, సున్నా. ఇక్కడికి రాకముందు థర్మామీటర్లు సరిచూసే పనిలో ఉండేదాన్ని. కొలిచిన దేనికైనా చుక్క పెట్టి, దాని తరువాత ఒక అంకె వెయ్యకపోతే కుదరదు అక్కడ. ఆ అలవాటే. అయినా రెండంటే రెండే కదా!"

"మనకు. దానికి కూడా అంతేనా?"

మేనకోడలు అప్పటికే కోడ్ తెరిచింది. వెతికి వెతికి ఒకచోట ఆగి, "ఓరి నాయనో!" అంది. చుక్క లేని సంఖ్య వస్తే సొరంగాన్ని అన్ని ముక్కలు చెయ్యమనీ, చుక్క ఉంటే ఒక్కో ముక్క అన్ని మీటర్లు ఉండాలనీ రాసి ఉంది. రాసినవాడు అది సదుపాయమనే అనుకుని ఉంటాడు.

"అంటే నేను ఇన్నాళ్ళూ సొరంగాన్ని రెండే ముక్కలు చేశానా? ఒక ముక్కలోకి పొగ వస్తే సగం సొరంగం నిండినట్టేగా!"

"మరి నా హస్తవాసో?" అంది అక్క దిగులుగా.

"థర్మామీటర్లదమ్మా," అన్నాను. ముందు అక్కే నవ్వింది.

మేనకోడలు ఆ వాక్యాన్ని కొట్టేసి మళ్ళీ రాసింది: "గడి. పూర్ణాంకం ఇస్తే, సొరంగాన్ని ఎన్ని ముక్కలు చెయ్యాలో ఆ లెక్క. దశాంశ సంఖ్య ఇస్తే, ఒక్కో ముక్క పొడవు, మీటర్లలో. పొడవు రెండు మీటర్లు కావాలంటే 2.0 అని చుక్కతో ఇవ్వాలి." ఆ తరువాత మిగిలిన పారామీటర్లన్నింటికీ పూర్ణాంకం ఇవ్వాలో దశాంశం ఇవ్వాలో కోడ్‌లో చూసి మరీ రాసుకుంటూ పోయింది.

బదిలీ సామాను సర్దుకోవడానికి అక్క సెలవు పెట్టిన రోజున పెద్దసారు పత్రం పక్కన పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుంటూ, ఒక్కో మీటను వెతికి వెతికి ఒంటివేలితో కొట్టాడు. పొగ ఉండవలసిన చోటనే నిలిచింది.