మొగలివలస బస్టాపు

నేను ఒక బస్టాపు బోర్డును. ఇంతవరకూ బస్సు మొహం చూసిన పాపాన పోలేదు. నవ్వుకోండి, నాకేం.

పుట్టుకకు పాత పీపా రేకును. శ్రీకాకుళం తీరాన మొగలివలసలో, పడవల మీద పేర్లు రాసే దానయ్య నన్ను సాపు చేసి, పసుపు రంగు పూసి, ‘బస్సు ఆగును’ అని రాశాడు. చెయ్యి ఊరుకోక అడుగున ఓ చేపను కూడా వేశాడు. బోర్డు చూసైనా సర్కారు సిగ్గుపడి బస్సు పంపుతుందని ఊరివాళ్ల ఆశ. నన్ను ఎర్రమ్మ ఇంటి ముందు పాతారు.

ఆ బస్సు అందరికన్నా ఎర్రమ్మకే కావాలి. ఆవిడ మొగుడు గవరయ్యకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు పట్నం ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. పొద్దున్నే నా గుంజకు చేరబడి ఆటో కోసం ఎదురుచూసేవాడు. పదిమందితో కిక్కిరిసిన ఆటోకి పదకొండోవాడిగా వేలాడుతూ, ఆ గతుకుల్లో పడి వెళ్లేవాడు. ఏ రోజు ఆటోలో చోటు దొరకదోనని ఎర్రమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికేది.

అర్జీల మీద అర్జీలు వెళ్లాయి. ఊరు ఊరంతా వేలిముద్రలు వేసింది. ఏడాదిన్నరకు జవాబొచ్చింది. రోడ్డు వేసి బస్సు నడపడానికి ప్రభుత్వం నిధులివ్వాలంటే, రోజుకు ఎంతమంది ప్రయాణం చేస్తున్నారో తేలాలట. గురువారం ఆఫీసరు వచ్చి లెక్కపెడతాడట.

ఇక చూడాలి సంబరం! పెద్దమనిషి వస్తే పనులు మానుకుని ఎదురెళ్లడం ఇక్కడి మర్యాద. మట్టిరోడ్డంతా ఊడ్చి కళ్లాపి చల్లారు. నా కాళ్ల దగ్గర మొదలుపెట్టి రోడ్డుకు అడ్డంగా ముగ్గేశారు. సారు మీద దుమ్ము పడకూడదని సర్పంచి ఆటోలను పొలిమేరలోనే ఆపించాడు. చేపల బుట్టలు కూడా గడప దాటలేదు. ఓరి మీ మర్యాద మండా, ఇవాళే కదర్రా బయల్దేరాల్సింది! ఎంత గింజుకుంటే ఏం లాభం, రేకుకు నోరుందా?

ఆ రోజు గవరయ్య ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజే. సంచి పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

“ఒక్క పూటకి ఏటవుద్దే? బస్సొచ్చీసినాక ఆయిగా ఎల్లొచ్చు,” అని ఎర్రమ్మతో చెప్పి, సారుకు వేసే దండ తీసుకుని ఊరివాళ్ల వరసలో నిలబడ్డాడు.

ఆఫీసరు నా కింద కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. కొబ్బరి బోండాలు తాగాడు. కాగితం మాత్రం ఖాళీగానే ఉంది.

“ఈ ఊళ్లో ఎవరూ ఎక్కడికీ వెళ్లరా?” అని చివరికి అడిగేశాడు.

“తమరొస్తంటే ఎవులెల్తారు బాబూ!” అన్నాడు సర్పంచి ఛాతీ విరుచుకుని.

ఆఫీసరు తల పట్టుకున్నాడు. “అయ్యో, నేను చూసిందే రాయాలండీ. మళ్లీ లెక్కంటే ఏడాది ఆగాలి.”

“రేపు రండి బాబూ, వందమందిమి ఎల్తాం!” అంటూ అందరూ కాళ్లావేళ్లా పడ్డారు. అతను సున్నా చుట్టి వెళ్లిపోయాడు.

శుక్రవారానికి గవరయ్య ఒళ్లంతా ఉబ్బిపోయింది. శనివారం ఆటోలో పడుకోబెట్టి తీసుకెళుతుంటే సగం దారిలోనే ఊపిరి ఆగిపోయింది. తిరిగి తెచ్చి నా కిందే దించారు. ఎర్రమ్మ నా గుంజ పట్టుకుని ఊపేసింది. “దేనికే నువ్వు? దేనికీ?” అని ఏడ్చింది. ఆ రోజు నన్ను పీకి పారేస్తే బాగుండుననిపించింది.

ఏడాది తిరిగేసరికి ఆఫీసరు మళ్లీ వచ్చాడు. ఈసారి ముగ్గూ లేదు, దండలూ లేవు. జనమంతా ప్రయాణానికి సిద్ధంగా నా చుట్టూ మూగారు. వాళ్లలో ఎర్రమ్మ కూడా ఉంది. చేతిలో గవరయ్య సంచి.

“ఎక్కడికమ్మా?” అన్నాడు ఆఫీసరు.

“పట్నం ఆసుపత్రికి బాబూ.”

“ఎవరికి బాగాలేదు?”

“బాగోనోడు ఎల్లిపోనాడు. అప్పుడు ఆయన్ని రాయనేదు కదా, ఇయాల రాసుకోండి.”

పదిమంది ఎక్కిన మొదటి ఆటోలో అంచు పట్టుకుని వేలాడుతూ వెళ్లిపోయింది. ఆఫీసరు కాగితం మీద, మొదటి ఆటోకు ఎదురుగా, పదకొండు అని రాశాడు.