నడుం కొలత

ఆ వీధిలో సగం మంది నడుం కొలతలు టైలరుకు నోటికి వచ్చు. తన నడుం సంగతే తెలీదు. ముప్పై నాలుగు అంటాడు, అదీ ఛాతీ విరుచుకుని. పెళ్లినాటి కొలతే ఇప్పటికీ అని షాపుకు వచ్చినవాళ్లందరికీ చెప్పి, వాళ్ల పొట్టల కేసి జాలిగా చూస్తాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా పక్క మిషను మీద కూర్చున్న భార్య తల వంచుకుని సూదికి దారం ఎక్కిస్తుంది, ఎక్కి ఉన్నా సరే.

ఎందుకంటే అతని ప్యాంట్లను వదులు చేస్తూ వస్తున్నది ఆమే. ఒకరోజు భోజనానికి కూర్చుంటూ అతను గుండీ తీసి నిట్టూర్చాడు. పాపం, చిన్నబుచ్చుకుంటాడని ఇస్త్రీ చేసేటప్పుడు వెనక కుట్టు విప్పి గుట్టుచప్పుడు కాకుండా అరంగుళం వదిలింది. తర్వాత అదే అలవాటయింది. కొత్త ప్యాంటు అతను పాత కొలతకే కత్తిరించేవాడు, కుట్టడం ఆమె వంతు కాబట్టి లోపల అదే రంగు ముక్క కలిపేసేది. ఆమె పనితనం అలాంటిది, అంతటి ఘనుడి కంటికీ దొరకలేదు.

ఈమధ్య అతని మెడ వెనక నల్లబడింది. మట్టి అనుకుని సబ్బు పెట్టి తోమింది. మెడ మండింది గాని నలుపు పోలేదు. పైగా మధ్యాహ్నం తిన్నాక మిషను మీదే కునుకుపాట్లు. ఆమెకు బావగారు గుర్తొచ్చారు. ఈ షాపు పెట్టింది ఆయనే. షుగరు ముదిరి, చూపు పోయి ఇప్పుడు ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తున్నారు. నయానా భయానా చెప్పి మొగుణ్ణి డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టరమ్మ మెడ చూసి రక్త పరీక్షలు రాసింది.

ఫలితాల్లో షుగరు మామూలుగానే ఉంది. ఇన్సులిన్ మాత్రం బాగా ఎక్కువ. టైలరు ఎగిరి గంతేశాడు.

"అన్నయ్య ఆ ఇన్సులిన్ కొనుక్కుని పొడుచుకుంటున్నాడు. నాకు ఒంట్లోనే తయారవుతోంది, అదీ మిగిలిపోయేంత! అదృష్టం అంటే నాది" అని కేకు తెప్పించాడు.

ఆమె తన కేకు ముక్క పక్కన పెట్టేసింది. మర్నాడు తనూ వెంట వెళ్లింది.

"మీకు షుగరు జబ్బు లేదు" అంది డాక్టరమ్మ. విన్నావా అన్నట్టు భార్య వైపు చూశాడు టైలరు. "అలాగని ఇది సంబరపడే విషయమూ కాదు. రక్తంలో చక్కెరను ఒంట్లోని కణాల్లోకి పంపేది ఇన్సులిన్. మీ ఒళ్లు దాని మాట వినడం తగ్గించింది. ఒకసారి చెబితే సరిపోయేది, ఇప్పుడు పదిసార్లు అరవాల్సొస్తోంది. అందుకే అంత తయారవుతోంది. చక్కెర ఇప్పటికి అదుపులోనే ఉంది. అరిచి అరిచి, దాన్ని తయారుచేసే గ్రంథి అలిసిపోతే అప్పుడు పెరుగుతుంది."

"మొండి సూదితో కుట్టినట్టన్నమాట. కుట్టు బాగానే పడుతుంది, మోటారు వేడెక్కుతుంది" అన్నాడు టైలరు.

"అంతే. ఈ ఒక్క అంకె చూసి తేల్చేయను లెండి. మెడ, మీ అన్నయ్య జబ్బు, నడుం, అన్నీ కలిపి చూడాలి. నడుం ఎంత?"

"ముప్పై నాలుగు."

డాక్టరమ్మ టేపు చుట్టింది. "నలభై."

"మీ టేపు కుంచించుకుపోయినట్టుందమ్మా" అన్నాడు టైలరు మర్యాదగా.

ఆమె నవ్వలేదు. "రోజూ నడవండి. తీపి పానీయాలు మానండి. బరువు తగ్గితే ఒళ్లు మళ్లీ మాట వింటుంది. ఇప్పుడైతే చాలావరకు వెనక్కి తిప్పుకోవచ్చు."

దారి పొడుగునా టేపును తిడుతూనే ఉన్నాడు. "నలభై నడుం వాడికి చెప్పాల్సిన మాటలు నాకు చెప్పింది. నేనెందుకు నడవాలి?" షాపు తలుపు తీస్తూ, "నువ్వే చెప్పు, ఈ ప్యాంటు నడుం ఎంత?" అన్నాడు.

ఆమెకు భయమేసింది. నోరు విప్పితే మనిషి కుంగిపోతాడు. విప్పకపోతే ఈయన నడవడు, కేకు మానడు, ఏదో ఒకనాడు తనూ గోడ పట్టుకుంటాడు.

"ముప్పై నాలుగు కాదండీ. వెనక కుట్టు నేనే విప్పాను. చాలాసార్లు."

అతను కొలతల గది కర్టెన్ వెనక్కి వెళ్లాడు. ప్యాంటు తిరగేసిన చప్పుడు వినిపించింది. చివరికి గిరాకీది ఎవరిదో ముప్పై నాలుగు ప్యాంటు తొడుక్కుని, నడుం దగ్గర గుండీ కలవక చేత్తో పట్టుకుని, బయటికొచ్చాడు.

"ఎందుకు చేశావు?"

"మీరు బాధపడతారని."

తిడతాడనుకుంది. తిట్టలేదు. బల్ల మీద కూలబడ్డాడు.

"అన్నయ్య కత్తెర వంకర పోతున్నప్పుడు నేనూ ఇదే చేశాను" అన్నాడు. "ఆయన అటు తిరగ్గానే బట్ట సరిచేసి పెట్టేసేవాణ్ణి. తన కళ్లు బాగానే ఉన్నాయనుకున్నాడు. బాధపడతాడని నేనూ నోరు మెదపలేదు."

ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. అతను లేచి, గిరాకీలు నిలబడినట్టు చేతులు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. "కొలు" అన్నాడు.

ఆమె టేపు చుట్టింది. అంకె చూసి ఏదో గొణిగింది.

"గట్టిగా చెప్పు. తగ్గించకు."

"నలభై ఒకటి" అంది.

డాక్టరమ్మ ముందు అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఇక్కడ వదిలేశాడు.