తొంభై ఒకటో నంబరు సీసా

ఆ ల్యాబులో మేడంని అడిగి లేదనిపించుకున్నవాళ్ళు తక్కువ. రసాయనాలు ఇచ్చేది, యంత్రాలు ఇచ్చేది, అడిగితే తన పేపర్లలో పేరు కూడా ఇచ్చేది. తొంభై ఒకటో నంబరు సీసా దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి వెనక్కి పోయేది. "డీఎన్ఏ తీసి ఇస్తాను, పట్టుకెళ్ళండి. బతికున్నది ఇవ్వను," అనేది. ఆవిడంత పిసినారి భూమ్మీద లేదని వెనకాల నవ్వుకునేవాళ్ళు.

ఆ సీసాలో ఉన్నది మందులకు లొంగని టైఫాయిడ్ క్రిమి. ఆవిడ తమ్ముడి రక్తంలోంచి వచ్చింది. అప్పటికావిడ పరిశోధన విద్యార్థిని. వాడి ఒళ్ళు జ్వరంతో కాలిపోతుంటే, ఏ మందుకు చస్తుందో చూద్దామని తనే రక్తం తీసుకెళ్ళి క్రిమిని పెంచింది. అది ఏ మందుకూ చావలేదు. తమ్ముడు పోయాడన్న కబురొచ్చేసరికి ఆవిడ ల్యాబులో ఆ క్రిమిని పెంచిన పళ్ళేలు చూస్తోంది. మిగిలినవి కూడా చూసి, చేతులు కడుక్కుని వెళ్ళింది. ఏడవలేదు. గుండె కాదు రాయి అన్నారు చుట్టాలు. వాళ్ళనేం అనగలం, ఆవిడకూ అలాగే అనిపించింది.

ఉద్యోగమంతా ఆ క్రిమితోనే గడిచింది. దాని లోపలికొచ్చిన మందును బయటికి తోసేసే జన్యువును పట్టుకుంది. రోగం మొండిదో కాదో పూట తిరక్కుండా చెప్పే పరీక్ష అందులోంచే పుట్టింది. దానివల్ల ఎంతమంది బతికారో ఎవరైనా చెబితే తలూపి, ఆ సీసా ఉన్న ఫ్రీజరు తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకునేది. ఇంట్లో అమ్మకు మాత్రం "టైఫాయిడ్ మీద పనిచేస్తున్నా" అన్న ఒక్క ముక్కే తెలుసు.

రిటైర్మెంటు సభలో డైరెక్టరుగారు ఉత్సాహం పట్టలేకపోయారు. "సొంత తమ్ముడి ప్రాణం తీసిన క్రిమిని ఇన్నేళ్ళూ బతికించుకుంటూ వచ్చిన మహామనిషి!" అన్నారు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న అమ్మ చేతులు కదల్లేదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది ఒకే మాట.

"అది ఇంకా బతికే ఉందా?"

"ఉందమ్మా."

మర్నాడూ ఆ ఊసు ఎత్తలేదు. కంచం పెట్టింది, తీసింది, అంతే. కొడుకును మింగినదాన్ని కూతురు మేపుతోందని అమ్మకు ఒళ్ళు మండిపోతోందనుకుంది ఆవిడ. అనుకోవడమే తప్ప అడగలేదు. అడగడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ల్యాబు అప్పగించే రోజు వచ్చింది. ఎవరికీ ఇవ్వని క్రిములను చంపి వెళ్ళాలని నియమం. ఆవిడ స్థానంలోకి వచ్చినాయన బతిమాలాడు.

"మేడం, ఆ ఒక్కటీ నాకు వదిలెయ్యండి. మళ్ళీ ఎక్కడా దొరకదు."

"అందుకే," అంది ఆవిడ.

ఆటోక్లేవంటే ప్రెషర్ కుక్కరుకు పెద్దన్నయ్య. సీసా అందులో పెట్టి, మూత బిగించి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఏమైనా అనిపిస్తుందేమోనని చూసింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి తప్ప ఏమీ అనిపించలేదు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది. రెండో కొస అందుకుంటూ చెప్పింది.

"అమ్మా, దాన్ని చంపేశాను. ఇంక ఎక్కడా లేదు."

అమ్మ చేతుల్లోంచి దుప్పటి జారింది.

"ఎవరు చంపమన్నారే నిన్ను?"

"నీకు కోపమొచ్చిందనుకున్నా."

"కోపం కాదే. చూపించమని అడుగుదామనుకున్నా. నన్ను లోపలికి రానిస్తారో లేదోనని ఊరుకున్నా."

"చూడ్డానికేం ఉండదమ్మా. పళ్ళెంలో చిన్న చిన్న తెల్లటి చుక్కలు."

"అయితేనేం? వాడి ఒంట్లోంచి వచ్చినవే కదా." అమ్మ గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది ఆవిడ. "నువ్వయితే రోజూ వెళ్ళి చూసుకొచ్చేదానివి. నన్నొక్కసారి తీసుకెళ్ళలేకపోయావా?"

ఆవిడకు ఏడుపొస్తే బాగుండుననిపించింది. కాసేపు అలాగే నిలబడి చూసింది, రాలేదు. కిందపడ్డ కొస తీసి అమ్మ చేతికిచ్చింది.