కుళాయిలో చక్కెర

పొద్దున ఏడింటికి మరదలు ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ సీసా తీసి అరచేతుల మధ్య మెల్లగా దొర్లించింది. కుదపకూడదని పశువుల డాక్టరమ్మ చెప్పింది. ముందు తిండి, తరవాతే సూది. మందు లోపలికి పోయిందో లేదో అనుమానం వస్తే మళ్ళీ ఇవ్వకూడదు, పన్నెండు గంటలు ఆగాలి. పిల్లి తూలితే చిగుళ్ళకి తేనె రాయాలి. ఇవన్నీ వదిన గుండ్రటి అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఆవిడ ఇంట్లో కూచుని ఒక ప్రెస్సుకి ప్రూఫులు దిద్దేది. ఎదుటివాళ్ళ మాటలు ఉచితంగా దిద్దేది.

"రెండు యూనిట్లు. గీత మీద ఆపు, గీత దాటాక కాదు," అంది వెనకాల నిలబడి.

"నాకు కళ్ళున్నాయి వదినా."

"కళ్ళజోళ్ళ షాపులో పనిచేసినంత మాత్రాన కళ్ళుంటాయనేముంది?"

మరదలు పళ్ళు బిగపట్టి, పిల్లి మెడ వెనక తోలు పైకి లాగి సూది గుచ్చింది. పిల్లి పేరు దొర. తెల్లగా, లావుగా, ఎవరికీ లొంగకుండా ఉండేది. దాన్ని తెచ్చినవాడు లిఫ్టుల మెకానిక్, ఆమెకి మొగుడు, వదినకి తమ్ముడు. ఏడాది క్రితం పోయాడు. పోయే ముందు దొర మందుల డబ్బా తీసి భార్య చేతిలో పెట్టాడు. మంచం పక్కనే ఉన్న అక్క చేతిలో పెట్టలేదు. వదిన అది మరిచిపోలేదు.

ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. అవతలి మనిషి ఎప్పుడు వెళ్ళిపోతుందా అని ఇద్దరూ చూస్తున్నారు. గ్లాసులు పంచుకున్నారు, అలమరలు పంచుకున్నారు, బట్టలారేసే తీగని మధ్యలో ముడేసి పంచుకున్నారు. పిల్లిని మాత్రం పంచుకోలేకపోయారు.

దొరకి జబ్బు చేసినప్పటినుంచీ దాని చక్కెర ఆ భవనం నీళ్ళలోకి దిగేది. షుగర్ పెరిగితే ఆరు వాటాల్లోనూ కుళాయి నీళ్ళు తీపెక్కేవి. పడిపోతే చేదెక్కేవి. అంతా బాగుంటే నీళ్ళు నీళ్ళలాగే ఉండేవి. మొదట్లో ప్లంబర్ వచ్చి ఒక గుక్క తాగి, "పైపుల తప్పేం లేదమ్మా, పిల్లికి డోసు చాలట్లేదు," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ కూడా ఫోనులో ముందు "ఇవాళ నీళ్ళెలా ఉన్నాయి?" అనే అడిగేది. కింది వాటాలో ఉండే మంగలి నెలకోసారి పైకొచ్చి ముఖం గంటు పెట్టుకుని నిలబడేవాడు.

"నా దగ్గర తల కడిగించుకున్న వాళ్ళ జుట్టంతా జిగురు. మీరూ మీరూ కొట్టుకుంటే మాకు అభ్యంతరం లేదు. పిల్లిని సరిగ్గా చూడండి."

ఆ రోజు మరదలు పనికి వెళ్ళాక వదిన చక్కెర లేని కాఫీ పెట్టుకుంది. నోట్లో పోసుకోగానే తియ్యగా తగిలింది. లేచి దొర మెడ తడిమింది. బొచ్చు తడిగా ఉంది. వాసన చూస్తే మందు వాసనే.

"తోలు మీద పోసి తగలడింది," అనుకుంది.

ఫ్రిజ్ మీది కాయితం ఆవిడ కళ్ళెదుటే ఉంది. అయినా సీసా తీసి, తమ్ముడు ఊళ్ళో లేని రోజుల్లో చేసినట్టే, రెండు యూనిట్లు ఎక్కించి గుచ్చింది. తమ్ముడు ఎంచుకోని చెయ్యి ఇదీ, అనుకుంది.

మధ్యాహ్నానికి నీళ్ళు చేదెక్కాయి. బొచ్చుకి అంటింది కాస్త తడేనని, పొద్దుటి మందు అప్పటికింకా పని మొదలుపెట్టలేదని అప్పుడు అర్థమైంది. దొర గోడవారగా నడుస్తూ వెనక కాళ్ళ మీద తూలింది. వదిన గాభరాగా తేనె రాసింది. కాసేపటికి దొర లేచి కూర్చుంది కానీ కుళాయి చేదు పూర్తిగా విరగలేదు. ఆవిడ బజారు నుంచి నీళ్ళ డబ్బా తెప్పించి వంటింట్లో పెట్టుకుంది. మరదలికి ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుంది. "తప్పు నాదే" అని చెప్పాల్సి వస్తుందని రెండుసార్లూ కింద పెట్టేసింది.

సాయంత్రం ఏడవుతుండగా మరదలు వచ్చింది. బస్సులో నిలబడి నిలబడి ముఖం వాడిపోయి ఉంది.

"దొర తిన్నాడా?"

"తిన్నాడు," అంది వదిన, ప్రూఫు మీంచి తల ఎత్తకుండా.

మరదలు సిరంజిలోకి మందు లాగి బల్ల మీద పెట్టి, ముఖం కడుక్కోవడానికి కుళాయి తిప్పింది. నీళ్ళు పెదవుల మీదుగా జారాయి. ఆమె ఆగిపోయింది. దోసిట్లో పట్టి మళ్ళీ రుచి చూసింది. వెనక్కి వచ్చి సూదికి మూత పెట్టేసింది.

"ఎన్నిచ్చారు?"

వదిన పెన్సిలు ఆగింది. "రెండు. నువ్వు సరిగ్గా ఇవ్వలేదనుకున్నాను."

"అనుమానం వస్తే మళ్ళీ ఇవ్వకూడదని రాసింది మీరే."

వదిన పెన్సిలు కింద పెట్టింది.

"సరే, అది పొరపాటు. ఇప్పుడు నేను మందెక్కిస్తుంటే చూస్తూ ఊరుకున్నారేం?"

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? గుచ్చాకా?"

వదిన ప్రూఫు కాయితాలు పక్కకి తోసింది. "నీ చేతిలో అది పోతే, నువ్వు ఇంక ఇక్కడ ఉండవనిపించింది," అంది చివరికి. "ఒక్క నిమిషం అనిపించింది."

మరదలు దొరని ఒళ్ళోకి తీసుకుని చిగుళ్ళకి తేనె రాస్తూ, మెత్తటి తిండి వేలితో నాకిస్తూ, మధ్యమధ్య లేచి కుళాయి నీళ్ళు రుచి చూస్తూ కూర్చుంది. భవనంలో అందరూ అదే పనిలో ఉన్నారు. గంటన్నర తరవాత కిందనుంచి మంగలి గొంతు మెట్ల మీదుగా వచ్చింది.

"విరుగుతోందమ్మా, విరుగుతోంది."

డాక్టరమ్మ ఇవాళ ఇంక సూది వద్దంది. మరదలు షాపు యజమానికి ఫోన్ చేసింది. అద్దాలు అరగదీసే గది వెనక ఒక చిన్న గది ఖాళీగా ఉంది. ఇన్సులిన్ సీసాని ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుంది. దొరని బుట్టలో కూర్చోబెట్టింది. బట్టలు ఒక్క సంచీలో పట్టాయి.

"సగం ఇల్లు నీది," అంది వదిన గుమ్మంలో. ఆపడానికి అందో, గుర్తు చేయడానికి అందో ఆవిడకే తెలియలేదు.

"సగం ఇంట్లో ఉండి చూశాను కదా వదినా."

మెట్ల మీద నిలబడ్డ మిగతా వాటాల వాళ్ళు దారిచ్చారు. మరదలికి వదిన మీద అంతకుముందున్నంత కోపం కూడా లేదు. కిందటి వారం వదిన స్నానాల గదిలో జారిపడి పిలిచినప్పుడు, తను తలుపు బయట నిలబడి పది అంకెలు లెక్కపెట్టాకే లోపలికి వెళ్ళింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇంకో ఏడాది ఉంటే ఎంతవరకు లెక్కపెట్టేదో.

మర్నాటినుంచి ఆ భవనంలో నీళ్ళు నీళ్ళలాగే వచ్చాయి. కళ్ళజోళ్ళ షాపున్న వీధిలో మాత్రం టీకొట్టాయన మొదటి కప్పు రుచి చూసి, చక్కెర అర చెంచా తగ్గించాడు.